పాత కారుకు కొత్త పంపు – కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

(మన సంఘం వార్షిక సమావేశంలో ‘సభ్యుల అనుభవాలు’ శీర్షిక కింద చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు రక్తపోటు గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ చక్కగా చెప్పారు. నా అంశం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. పాత స్పోర్ట్స్ కారుకు పెట్రోలు పంపు చెడిపోతే, దాని స్థానంలో సరైన పంపును ఎలా ఎంచుకోవాలి అన్నది నా అంశం. జీవితంలో కారు కొనని గుమాస్తాకు స్పోర్ట్స్ కారు గొడవ ఎందుకని అడిగితే సబబే. నా 36 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం మా శాఖ వర్క్‌షాపు స్టోర్సులోనే గడిచింది. ఇండెంట్లు రాయడం, కొటేషన్లు పిలవడం, వచ్చిన సామాను స్పెసిఫికేషను ప్రకారం ఉందో లేదో చూసి స్టాకు రిజిస్టరులో ఎక్కించడం, ఇదే నా పని. స్పానరు పట్టిన చేయి కాదు నాది. కానీ ఏ సామాను తీసుకోవాలో, దేన్ని వెనక్కి పంపాలో తెలుసు.

రెండో కారణం ఏమిటంటే, మనలో చాలామంది పిల్లలు ఇతర దేశాల్లో ఉన్నారు. అక్కడ కొందరికి పాత కార్లు కొని బాగుచేసుకోవడం ఒక సరదా. మా పెద్దల్లుడు గారిది ఆ సరదాయే. ఆయన ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నారు. 1971 నాటి ఎం.జి.బి. అనే రెండు సీట్ల కారును సెకండ్‌హాండులో కొన్నారు.

ఈ ఎం.జి. అనే పేరు ఇప్పుడు మన రోడ్ల మీద కొత్త కార్ల మీద కనబడుతున్నదే. మోరిస్ గారేజెస్ అన్న మాటకు అది పొట్టిపేరు. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ గారి గారేజీలో పుట్టిన కంపెనీ. ఎం.జి.బి. కారును 1962 నుండి 1980 వరకు ఆక్స్‌ఫర్డుకు దగ్గరలోని ఆబింగ్‌డన్ ఊళ్ళో తయారు చేశారు. ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులోని 1798 సి.సి. ఇంజను పేరు బి-సిరీస్. ఈ పేరు వినగానే నా చెవులు నిక్కపొడుచుకున్నాయి. మన ఆఫీసర్లందరూ ఎక్కి తిరిగిన అంబాసిడర్ కారులో చాలా ఏళ్ళ పాటు ఉన్న 1489 సి.సి. ఇంజను కూడా బి-సిరీసే. అంటే మన ప్రభుత్వ అంబాసిడరూ, ఆ దొరల స్పోర్ట్స్ కారూ పెదతండ్రి, పినతండ్రి బిడ్డలన్నమాట. నేను ఆ కారు బానెట్ ఎత్తి చూసినప్పుడు పరాయి కారును చూసినట్టు అనిపించలేదు.

ఇక అసలు విషయం. 2022 వేసవిలో నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్ళాము. కారుకు రెండు జబ్బులు ఉన్నాయి. ఒకటి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను దగ్గి ఆగబోయేది. రెండు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పెట్రోలు వాసన. ఒకనాటి సాయంత్రం మా అమ్మాయి, ఏడేళ్ళ మనవరాలు అందులో ఇంటికి వచ్చారు. కారు నిలిపాక కింద చూస్తే ఇంజను వైపు తడి. కార్బురేటర్ల నుండి పొంగిన పెట్రోలు ఓవర్‌ఫ్లో గొట్టాల గుండా నేల మీదికి చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఈ ఇంజనులో కార్బురేటర్లూ, నిప్పులా కాలే ఎగ్జాస్టు గొట్టాలూ ఒకే పక్కన ఉంటాయి. ఓవర్‌ఫ్లో గొట్టాలు పెట్టింది ఆ పెట్రోలు ఎగ్జాస్టు మీద పడకుండా దూరంగా దించడానికే. ఆ గొట్టం ఏ మాత్రం పక్కకు జరిగినా ఏమయ్యేదో చెప్పనక్కర లేదు.

మా అమ్మాయి గట్టిగా ఒక మాట అన్నది. “నాన్నగారూ, దీని సంగతి తేలే దాకా పాప ఈ కారు ఎక్కదు. తేలకపోతే అమ్మేయడమే.” అల్లుడు గారి మొహం చిన్నబోయింది. ఆయన ఆలోచన ఏమిటంటే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను దగ్గుతున్నది కాబట్టి పెట్రోలు చాలడం లేదు, ఇంకా బలమైన పంపు వేద్దామని. కొత్త కార్లకు వాడే ఒక పెద్ద పంపును కొనడానికి సిద్ధంగా ఉన్నారు. నేను అన్నాను: “అల్లుడుగారూ, ఇండెంటు రాయక ముందే పర్చేజ్ ఆర్డరు వేయకండి. ముందు మనకు ఎంత కావాలో లెక్క వేద్దాం.” ఆ రాత్రి మొదలు పెట్టిన లెక్కను వరుసగా మీకు మనవి చేస్తాను.

మొదటి ప్రశ్న: పంపు చేసే పని ఏమిటి?

మన బజాజ్ చేతక్ స్కూటరుకు పెట్రోలు పంపు లేదు. టాంకు పైన, కార్బురేటరు కింద. పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది. ఎం.జి.బి.లో టాంకు కారు వెనక అడుగున ఉంటుంది, ఇంజను ముందుంటుంది. కనుక వెనక టాంకు దగ్గర ఒక కరెంటు పంపు పెట్టి పెట్రోలును ముందుకు నెట్టాలి. ఆ కారుకు కంపెనీ పెట్టిన పంపు ఎస్.యు. వారిది. ఎస్.యు. అంటే స్కిన్నర్ యూనియన్. ఆ స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. వారి మొదటి కార్బురేటరులో తోలుతో చేసిన తిత్తి ఉండేదట.

ఈ పంపు పని చేసే తీరు చాలా చమత్కారం. లోపల ఒక డయాఫ్రమ్ ఉంటుంది, దాని వెనక స్ప్రింగు, ఆ వెనక కరెంటు చుట్ట. కరెంటు రాగానే అయస్కాంతం డయాఫ్రమ్‌ను వెనక్కి లాగుతుంది, అప్పుడు టాంకు నుండి పెట్రోలు లోపలికి వస్తుంది. చివరికి లాగగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగిపోతుంది. అప్పుడు స్ప్రింగు డయాఫ్రమ్‌ను ముందుకు తోస్తుంది, పెట్రోలు ఇంజను వైపు పోతుంది. గమనించండి, పెట్రోలును నెట్టేది కరెంటు కాదు, స్ప్రింగు. కనుక ఒత్తిడి ఎప్పుడూ ఆ స్ప్రింగుకు ఉన్న బలాన్ని మించదు. కార్బురేటరు గిన్నె నిండి సూది వాల్వు మూసుకుంటే స్ప్రింగు అక్కడే నిలబడిపోతుంది, పంపు టక్‌టక్ మనడం ఆపి ఊరుకుంటుంది. ఇంజను తాగిన కొద్దీ మళ్ళీ ఒక టక్. అడిగినంతే పెట్టే ఇల్లాలి లాంటిది ఈ పంపు.

రెండో ప్రశ్న: ఎంత పెట్రోలు కావాలి?

ఈ ఇంజను పూర్తి శక్తి 95 హార్స్ పవర్. పాత పెట్రోలు ఇంజను పూర్తి శక్తితో పని చేస్తే ఒక్కొక్క హార్స్ పవర్‌కు గంటకు సుమారు అర పౌండు పెట్రోలు తాగుతుంది. అంటే గంటకు 47 లేక 48 పౌండ్లు. ఇంగ్లీషు గాలను పెట్రోలు బరువు ఏడు పౌండ్ల పై చిల్లర కాబట్టి, గంటకు ఆరున్నర గాలన్ల లోపు. లీటర్లలో 29 లేక 30. ఇది యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి గంట సేపు నడిపినప్పటి మాట, అలా రోడ్డు మీద ఎవరూ నడపరు. కంపెనీ వారి అసలు పంపు కనీసం గంటకు 15 గాలన్లు, అంటే 68 లీటర్లు ఇవ్వాలని లెక్క. అవసరానికి రెట్టింపు పైగా ఉన్నది. అందువల్ల ‘ఇంకా పెద్ద పంపు’ అనే మాటకు ఇక్కడ చోటే లేదు. అల్లుడు గారు కాగితం తీసుకుని మళ్ళీ తనే లెక్క వేసుకుని ఊరుకున్నారు.

ఇదే లెక్కతో ఉన్న పంపును పరీక్ష చేయవచ్చు. గంటకు 15 గాలన్లు అంటే నిమిషానికి రెండు పింట్లు. గొట్టాన్ని కార్బురేటరు దగ్గర విప్పి కొలత పాత్రలో పట్టిస్తే అర నిమిషంలో ఒక పింటు, అంటే అర లీటరుకు కాస్త పైన రావాలి. ఈ పరీక్ష ఆరుబయట, చల్లని ఇంజను మీద, నిప్పు ఆర్పే సిలిండరు పక్కన పెట్టుకుని, తెలిసిన మెకానిక్ చేత చేయించాలి తప్ప ఇంటి గారేజీలో చేయరాదు.

మూడో ప్రశ్న: ఎంత ఒత్తిడి కావాలి?

అన్నిటిలోకి ముఖ్యమైనది ఇది. ఒత్తిడిని చదరపు అంగుళానికి పౌండ్లలో కొలుస్తారు. ఒక పౌండు ఒత్తిడి పెట్రోలును సుమారు మూడడుగుల ఎత్తుకు నిలబెట్టగలదు. ఎం.జి.బి.లో ఎక్కవలసిన ఎత్తు అంతకంటే ఎక్కువేమీ కాదు. దానికి పెట్టిన పంపు ఒత్తిడి మూడు పౌండ్లకు కాస్త తక్కువ. ఎస్.యు. కార్బురేటరులో సూది వాల్వును మూసేది ఒక చిన్న తేలే ఫ్లోటు. దాని బలం ఎంత? మూడు పౌండ్ల చుట్టుపక్కల ఒత్తిడిని ఆపగలదు. ఆరేడు పౌండ్లతో తోస్తే సూది ఓడిపోతుంది, గిన్నె పొంగుతుంది.

కొత్త కార్లలో కార్బురేటరు లేదు, ఇంజెక్షను ఉంది. వాటి పంపులు 40 పౌండ్ల పైన ఒత్తిడి ఇస్తాయి. అల్లుడు గారు కొనబోయిన పంపు ఆ కోవలోది. అది పెట్టి ఉంటే చుక్కలు కావు, ధార కట్టేది.

ఇక్కడ మెకానిక్ చేత ఒక ఒత్తిడి గేజి పెట్టించి చూశాము. ఉన్న పంపు ఆరు పౌండ్లు దాటి చూపించింది. అది కంపెనీ పంపు కాదు. అంతకు ముందు కారు వాడిన వారెవరో పెట్టించినది. దాని మీద పేరు లేదు, నంబరు లేదు, ఒత్తిడి ఎంతో రాసిన పట్టీ లేదు. స్టోర్సులో మాకు ఒక నియమం ఉండేది: పట్టీ లేని సామానును స్టాకులోకి తీసుకోకూడదు. అలాంటి పంపు ఎంత చవకగా వచ్చినా కొనవద్దని మనవి.

నాలుగో ప్రశ్న: కారు పేరు చాలునా?

చాలదు. ఇది స్టోర్సులో పని చేసిన వారందరికీ తెలుసు. ‘జీపుకు పంపు కావాలి’ అని ఇండెంటు వస్తే ‘ఏ జీపు, ఏ మోడలు, ఛాసిస్ నంబరు ఎంత’ అని తిప్పి పంపేవాళ్ళం. ట్రయంఫ్ టి.ఆర్.6 అని ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. అది ఇంగ్లండులో అమ్మినప్పుడు లూకాస్ పెట్రోలు ఇంజెక్షనుతో వచ్చింది, దాని పంపు వంద పౌండ్లకు పైగా ఒత్తిడి ఇవ్వాలి. అదే కారును అమెరికాకు పంపినప్పుడు కార్బురేటర్లతో పంపారు, దానికి ఇంజను పక్కన ఉండే సాదా మెకానికల్ పంపు. పేరు ఒక్కటే, బాడీ ఒక్కటే, పంపులు మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. అమెరికా నుండి తిరిగి ఇంగ్లండుకు తెచ్చిన కార్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి నంబరు ముందుండే అక్షరాలు చూడకుండా ఏమీ కొనరాదు.

జాగ్వార్ ఇ-టైప్ సంగతీ అంతే. 1961లో వచ్చిన 3.8 లీటర్ల కారులో పంపు టాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉండేది. 1964లో 4.2 లీటర్ల ఇంజను వచ్చినప్పుడు టాంకు బయట ఎస్.యు. పంపు పెట్టారు. రెండు పంపులూ ఒకదాని చోట ఒకటి కుదరవు.

పంపుల పేర్లలో కూడా ఒక చిక్కు ఉంది. ఎస్.యు. పాత పంపుల్లో ‘హై ప్రెషర్’ అని ఒక రకం ఉంది. అది ఆ రోజుల్లో మోరిస్ మైనర్ వంటి చిన్న కార్లకు వాడిన తక్కువ ఒత్తిడి పంపుతో పోల్చి పెట్టిన పేరు. ఈనాటి లెక్కలో అదీ తక్కువ ఒత్తిడిదే. కాబట్టి ‘హై’, ‘లో’ అనే మాటలు వదిలి అంకె చూడండి.

ఐదో ప్రశ్న: ఎర్త్ ఏది?

మన వాహనాలకు బ్యాటరీ మైనస్ తీగను బాడీకి కలుపుతారు. ఎం.జి.బి. కార్లలో 1967 దాకా ప్లస్ తీగను బాడీకి కలిపేవారు. పాత పాయింట్ల పంపు ఏ రకంగా కలిపినా నడిచేది. తరువాత పాయింట్లు కాలిపోకుండా డయోడ్ పెట్టిన పంపులు, ఆపైన ఎలక్ట్రానిక్ పంపులు వచ్చాయి. వీటికి ప్లస్ మైనస్ పట్టింపు ఉంది. తారుమారు చేస్తే ఒక్క క్షణంలో పాడవుతాయి. అసలు ప్లస్ ఎర్త్‌తో వచ్చిన కార్లను తరువాత మైనస్‌కు మార్చినవారు చాలామంది. కనుక కారు పుట్టిన సంవత్సరం చూసి నిర్ణయించకండి. సీట్ల వెనక మూత తీసి బ్యాటరీని కళ్ళతో చూడండి. మా కారు 1971ది, మైనస్ ఎర్త్. అయినా నేను వంగి చూసిన తరువాతే కాగితం మీద రాశాను.

ఆరో ప్రశ్న: పాయింట్లా, ఎలక్ట్రానిక్కా?

ఈ విషయంలో మామా అల్లుళ్ళకు కొంచెం వాదన జరిగింది. ఆయనకు కంపెనీ పెట్టిన పద్ధతే కావాలి, పాయింట్లతో ఉన్న పంపే కావాలి. అందులోనూ న్యాయం ఉంది. పాయింట్ల పంపును విప్పి బాగుచేయవచ్చు, డయాఫ్రమ్, పాయింట్లు విడిగా దొరుకుతాయి. ఇంగ్లండులో సాలిస్‌బరీ ఊళ్ళో బర్లెన్ అనే సంస్థ ఎస్.యు. పేరుతో వాటిని ఈనాటికీ తయారు చేస్తున్నది. కానీ ఆ పాయింట్లకు ఒక గుణం ఉంది. కారు నెలల తరబడి కదలక నిలబడితే వాటి మీద పొర పట్టి కరెంటు అందదు. అప్పుడు పాతకాలపు డ్రైవర్లు పంపును చిన్నగా తట్టి లేపేవారు. ఇంగ్లండులో చలికాలమంతా ఈ కార్లు కవరు కిందే ఉంటాయి. మా అమ్మాయి అడిగింది, “రాత్రి పూట రోడ్డు మధ్యలో ఆగితే పాపను పక్కన కూచోబెట్టి నేను కింద దూరి తట్టాలా?” ఆ ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. పైకి అదే ఆకారం, అదే టక్‌టక్, లోపల పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న పంపు కూడా ఉంది. దానికే ఓటు పడింది.

వేరే కంపెనీల పంపులు పనికిరావా అని అడగవచ్చు. పనికివస్తాయి. ఫేసెట్, హార్డీ వంటి పేరున్న కంపెనీల పంపులు చాలామంది వాడుతున్నారు. అయితే ఒకే రకం డబ్బా ఆకారంలో వేర్వేరు ఒత్తిళ్ళతో వస్తాయి. మన అంకెకు సరిపోయేది ఏరుకోవాలి. ఒత్తిడి ఎక్కువున్న పంపు పెట్టి, దాన్ని తగ్గించడానికి రెగ్యులేటరు పెట్టే పద్ధతి కూడా ఉంది. నా అభిప్రాయంలో ముందే తగిన పంపు దొరుకుతున్నప్పుడు చెడిపోయే వస్తువును ఇంకొకదాన్ని మధ్యలో చేర్చడం అనవసరం.

ఏడో ప్రశ్న: ఎక్కడ పెట్టాలి?

ఈ పంపులు లాగడంలో బలహీనం, నెట్టడంలో గట్టివి. అందుచేత టాంకుకు దగ్గరగా, కంపెనీ పెట్టిన చోటే పెట్టాలి. వీలుగా ఉందని ఇంజను పక్కన పెడితే దూరం నుండి లాగలేదు, పైగా వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతుంది. ఫిల్టరు ఎక్కడ పెట్టాలన్నది కూడా పంపు కాగితంలో రాసి ఉంటుంది. టాంకుకూ పంపుకూ మధ్య మరీ సన్న ఫిల్టరు పెడితే పంపు గొంతు నొక్కినట్టే.

ఎనిమిదో ప్రశ్న: పెట్రోలు మారింది కదా?

ఇది మన దేశానికీ వర్తిస్తుంది, కనుక శ్రద్ధగా వినమని ప్రార్థన. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి మామూలు పెట్రోలులో పది శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. మన దేశంలో 20 శాతం కలిపిన పెట్రోలును 2023లో ప్రారంభించారు, ఇప్పుడు దాదాపు అంతటా అదే. పాతకాలపు రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఈ ఇథనాల్‌కు తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడతాయి, పగుళ్ళిస్తాయి. కొత్త పంపు పెట్టి పాత గొట్టం ఉంచితే కొత్త పంచె కట్టి చిరిగిన తువ్వాలు వేసుకున్నట్టు కాదు, అంతకంటే ప్రమాదం. మా కారుకు టాంకు నుండి కార్బురేటరు దాకా రబ్బరు ముక్కలన్నీ మార్పించాము. ‘ఆర్9’ అని అచ్చు వేసిన గొట్టం అడిగి వేయించాము, అది ఇథనాల్‌కు తట్టుకుంటుంది. పెట్రోలు కూడా ఇథనాల్ ఐదు శాతానికి మించని ఖరీదైన రకమే పోయిస్తున్నారు.

తొమ్మిదో ప్రశ్న, వరుసలో మొదట రావలసినది: పంపు నిజంగా చెడిందా?

ఎస్.యు. రకం పంపు తన జబ్బును తానే చెబుతుంది, నాడి చూసినట్టు చెవి పెట్టి వినాలి. తాళం తిప్పగానే కాసేపు టక్‌టక్ మని, గిన్నెలు నిండగానే ఆగితే ఆరోగ్యం. ఆగకుండా గబగబా కొట్టుకుంటే టాంకులో పెట్రోలు లేదు, లేదా ఎక్కడో గాలి పీలుస్తున్నది. ఇంజను ఆపి ఉన్నా తాళం మీద నిదానంగా ఒక్కొక్క టక్ వస్తూనే ఉంటే ఎక్కడో కారుతున్నది, లేదా సూది వాల్వు మూసుకోవడం లేదు. అసలు చప్పుడే లేకపోతే ముందు కరెంటు తీగ, ఎర్త్ తీగ చూడాలి. ఎర్త్ తీగ తుప్పు పట్టినందుకు మంచి పంపులను పారేసినవారు ఉన్నారు.

మా కారు ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. మెకానిక్ టాంకు దింపి చూస్తే అడుగున యాభై ఏళ్ళ తుప్పు. పెట్రోలు పోయే దారిలోని జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉన్నది. అంతకు ముందు యజమాని ఎవరో ఈ దగ్గుకు మందుగా బలమైన పంపు పెట్టించి ఉంటారు. జల్లెడ అడ్డం పోలేదు, దగ్గు తగ్గలేదు, కార్బురేటర్ల పొంగు మాత్రం కొత్తగా వచ్చింది. ఒక జబ్బుకు తప్పు మందు వేస్తే రెండు జబ్బులయ్యాయి. మూడో మందు కూడా బజారులో సిద్ధంగా ఉండింది.

చివరకు చేసింది ఇదీ. టాంకు శుభ్రం చేయించాము. మూడు పౌండ్ల లోపు ఒత్తిడి, మైనస్ ఎర్త్, ఎలక్ట్రానిక్ స్విచ్, పేరూ నంబరూ ఉన్న పంపు. కొత్త గొట్టాలు, కొత్త క్లిప్పులు. దానితో పాటు ఇనర్షియా స్విచ్ అని ఒక చిన్న పరికరం పెట్టించాము. కారు దేనికైనా గట్టిగా గుద్దుకుంటే అది పంపుకు కరెంటు ఆపేస్తుంది. కరెంటు పంపు ఉన్న పాత కారుకు ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇంజను ఆగినా తాళం తిప్పి ఉన్నంత సేపు పంపు తెగిన గొట్టంలోకి పెట్రోలు నెడుతూనే ఉంటుంది కదా.

బిగించడం మాత్రం ఈ కార్లు తెలిసిన మెకానిక్ చేతనే చేయించాము. నేను ఒక పేజీలో నోట్ రాసి ఇచ్చాను. ఎడమ వైపు కావలసిన అంకె, కుడి వైపు ఖాళీ. మెకానిక్ కొలిచి కుడి వైపు నింపి సంతకం చేయాలి. ఆయన నవ్వి, చక్కగా నింపాడు. ఒత్తిడి మూడు పౌండ్ల లోపు, అర నిమిషానికి పింటు పైన. ఆ కాగితం మా అమ్మాయి చేతిలో పెట్టాను. ఆమె ఒక వారం రోజులు పాపను ఎక్కించకుండా తానే నడిపి చూసింది. రోజూ కారు కింద పాత న్యూస్‌పేపరు పరిచి పొద్దున్నే తీసి చూసేది. ఎనిమిదో రోజున కాగితం పొడిగా ఉన్నదని చెప్పి, పాపకు బెల్టు తానే బిగించి పంపింది. అల్లుడు గారు ఆ రోజు చాలా నెమ్మదిగా నడిపారని విన్నాను.

మిత్రులారా, మనలో ఎవరికీ ఎం.జి.బి. కారు ఉండకపోవచ్చు. కానీ ఇంటి వసారాలో ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి స్కూటరో, పిల్లలు వదిలి వెళ్ళిన పాత మారుతి కారో ఉన్నవారు ఈ సభలో చాలామంది. పెట్రోలు మారిన సంగతి వాటి రబ్బరు గొట్టాలకు కూడా తెలుస్తుంది. ఇంటికి వెళ్ళాక ఒకసారి గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడండి. జిగురుగా ఉన్నా, పగిలినట్టున్నా, వంచితే గీతలు పడినా వెంటనే మార్పించండి. ఖర్చు కొంచెమే. పెట్రోలు వాసన వస్తే ‘పాత బండి కదా, మామూలే’ అనుకోవద్దు. బండి పాతదైనా సరే, పెట్రోలు ఉండవలసింది గొట్టంలోనే, బయట కాదు.

బోరు మోటారు కొన్నా, ఇన్వర్టరు కొన్నా అమ్మేవాడు ‘ఇంకా పెద్దది తీసుకోండి సార్’ అంటాడు. ముందు మన అవసరాన్ని ఒక కాగితం మీద అంకెల్లో రాసుకుని వెళితే అతనితో మాట్లాడడం తేలిక. ఇండెంటు రాసే అలవాటు మనకు సర్వీసు ఇచ్చిన పెన్షను కాని పెన్షను. డి.ఏ. బకాయిలు ఎప్పుడొస్తాయో తెలియదు గానీ ఈ పెన్షను మాత్రం నెలనెలా అందుతూనే ఉంటుంది.

 భోజనాల వేళ కావస్తున్నది. ఎవరికైనా సందేహాలుంటే అక్కడ అడగండి, తెలిసినంత వరకు చెబుతాను.